మొగులమ్మ కలిపిన మట్టి

నేను ఒక రాళ్లు నునుపు చేసే యంత్రాన్ని. నునుపు అనే మాట విని నన్ను సాధువుననుకోకండి. నిమిషానికి పద్నాలుగు వందలసార్లు వణకడం, కడుపులో పడ్డవాటిని ఒకదానితో ఒకటి కొట్టించడం, అదే నా బతుకు. చూడ్డానికి పెద్ద గంగాళంలా ఉంటాను. లోపల మందపాటి రబ్బరు పూత, కింద ఎనిమిది స్ప్రింగులు, వాటి నడుమ మోటారు. ఆ మోటారు ఇరుసుకు కావాలనే ఒక పక్కకు ఇనుప బరువులు తగిలించారు. అవి తిరుగుతుంటే తూకం తప్పి నన్ను పట్టి కుదిపేస్తాయి. బరువులు తిరిగేచోట ఎవరి చెయ్యీ పడకుండా చుట్టూ రేకు మూత బిగించారు.

నేను పుట్టింది హైదరాబాదు బాలానగర్‌లో. సుత్తులతో బాది నన్ను గుండ్రంగా వంచారు. నిప్పు పెట్టి అతికారు. అన్ని దెబ్బలు తిని పుట్టినదాన్ని మెత్తగా ఉండమంటే ఎలా ఉంటాను? మొదటి ఏడేళ్లూ ఒక ఇత్తడి కుళాయిల ఫ్యాక్టరీలో పనిచేశాను. కుళాయిల అంచుల్లో మిగిలిన పదును కొరికి తీసేసేదాన్ని. ఆ ఫ్యాక్టరీ మూతపడ్డాక నన్ను లారీలో పడేసి తాండూరు తెచ్చారు.

నన్ను కొన్నాయన పేరు శరణప్ప. ఆయన తండ్రి నాపరాళ్లు కోయించేవాడు. శరణప్ప మాత్రం ఏటి గులకరాళ్లు ఏరించి, అరగదీసి, ఉంగరాలకూ తావీజులకూ వాడే సులేమానీ రాళ్లుగా మెరిపించి అమ్మాలనుకున్నాడు. మంచి ఆలోచనే. ఆయనకున్న చిక్కల్లా ఒకటే. దేన్నయినా గట్టిగా కొడితేనే మాట వింటుందని గట్టి నమ్మకం. తలుపు తెరుచుకోకపోతే తన్నేవాడు. కుళాయిలో నీళ్లు రాకపోతే రెంచితో బాదేవాడు. మనుషుల విషయంలోనూ అంతే.

ఆయన దగ్గర ఇద్దరు పనిచేసేవారు. నన్ను నడిపేవాడు బందెప్ప, ముప్పై ఏళ్లవాడు, భయస్తుడు. రాళ్లు కడిగి, నాలో పోసి, తీసి, మళ్లీ కడిగేది మొగులమ్మ. నలభై దాటిన మనిషి. కుమ్మరివాళ్ల ఇంటి ఆడపడుచు. కుండలు కొనేవాళ్లు తగ్గిపోయి సారె మూలపడ్డాక ఈ పనికి వచ్చింది.

నా కడుపులో జరిగేది మీకు కొంచెం చెప్పాలి. ముందు రాళ్లు పోస్తారు. పైన నల్లటి రాపిడి పొడి చల్లుతారు. కాసిన్ని నీళ్లు పోస్తారు. ఆ పొడి రాళ్లను అంటిపెట్టుకుని ఉంటే, రాయికీ రాయికీ మధ్య నలుగుతూ రెండింటినీ అరగదీస్తుంది. కాని శరణప్ప షెడ్డులో పొడి నీళ్లతో జారి నా అడుగుకు చేరిపోయేది. పైన మిగిలేవి ఒట్టి రాళ్లు. నేను కుదుపుతాను, అవి గుద్దుకుంటాయి. అంచులు పగిలి పెచ్చులు ఎగురుతాయి. ఒక్కొక్క రాయి మీద గోటితో నొక్కినట్టు నెలవంక బీటలు పడతాయి. ఐదారు రోజులు ఆపకుండా నడిచినా గరుకు పోయేది కాదు. పోయేలోపు సగం రాళ్లు చీలిపోయేవి. నా కడుపులో అది అంతు లేని రణం. అరుపులు బజారు దాకా వినపడేవని పక్క షెడ్డువాళ్లు తిట్టేవారు.

హైదరాబాదు నుంచి ఒక పెద్ద బేరం వచ్చింది. ఒకే రకం ఎర్ర రాళ్లు, ఒక్క బీటా ఉండకూడదు. మొదటిసారి పోసినవి చెడిపోయాయి. రెండోసారీ చెడిపోయాయి. ఆ రెండోసారి శరణప్ప తొట్టిలో చెయ్యిపెట్టి గుప్పెడు పగుళ్ల రాళ్లు తీసి బందెప్ప మొహాన కొట్టాడు.

"పని రాదని చెప్పరాదురా! నా రాళ్లన్నీ సంపుతున్నవ్!"

బందెప్ప మొహం తుడుచుకుని తల దించుకున్నాడు. అప్పుడు శరణప్పకు ఒక ఉపాయం తోచింది. దెబ్బ చాలడం లేదు కాబట్టే పని కావడం లేదట. నా కింది మూత విప్పించి, ఇరుసు మీద బరువులు దూరం జరిపించి, ఇంకా గట్టిగా కుదిపేలా బిగించాడు.

"మూత ఎక్కియ్యాల్నా సేటూ?" అని బందెప్ప అడిగాడు.

"ఎందుకు? రోజూ ఇప్పాలె, రోజూ ఎక్కియ్యాలెనా? పక్కకు పెట్టు."

రేకు మూత గోడకు చేరింది. అవే రాళ్లు మళ్లీ పోసి స్విచ్చి వేశారు. నాకే భయమేసింది. ఒంట్లో ఉన్న ప్రతి అతుకూ విడిపోతున్నట్టు ఎగిరాను. గంట గడవకముందే ఒక స్ప్రింగు విరిగింది. నేను ఒక పక్కకు ఒరిగాను. నాలోంచి ఎగిరిన రాయి ఒకటి బందెప్ప నుదుటి మీద పడింది. అతను గోడ దాకా వెళ్లి కూలబడ్డాడు. నెత్తురు కళ్లలోకి కారింది. మొగులమ్మే పరుగెత్తి నన్ను ఆపింది. ఐదు కుట్లు పడ్డాయి. శరణప్ప ముందుగా చూసింది స్ప్రింగును.

మొగులమ్మకు మాటలు తక్కువ. చూపు ఎక్కువ. నన్ను ఖాళీ చేసిన ప్రతిసారీ అడుగున పేరుకున్న నల్లపొడిని వేలితో గీకి చూసేది. కుట్లు వేయించుకొచ్చిన మర్నాడు బందెప్పతో అంది.

"పొడంత కిందనే కూసుంటుంది బందెప్పా. నీళ్లు పల్సగున్నయి. రాళ్లకు పట్టుకుంటలేదు."

"అయితే ఏం జేద్దామక్కా?"

"నీళ్లు చిక్కగ జెయ్యాలె. మట్టి కలుపుదాం."

బందెప్ప హడలిపోయాడు. రాళ్లకు ఏమాత్రం మట్టి అంటినా శరణప్ప ఊరుకునేవాడు కాదు. మూడుసార్లు కడిగించేవాడు. మిషన్‌లో మట్టి కనపడితే చేతులు విరగ్గొడతానని ఎన్నోసార్లు అన్నాడు.

"సేటు సంపుతడక్కా."

"ఎట్లున్నా సంపుతనే ఉన్నడు గద," అంది మొగులమ్మ.

మూడోసారి రాళ్లు పోసిన నాడు శరణప్ప హైదరాబాదు వెళ్లాడు, బేరం చేజారకుండా బతిమాలుకోవడానికి. విరిగిన స్ప్రింగు అప్పటికే మార్చారు; బరువులను బందెప్ప పాత చోటికి జరిపాడు. మూత పెట్టబోయి, సేటు అడిగితే ఏం చెప్పాలోనని ఆగిపోయాడు. మొగులమ్మ ఇంటినుంచి ఒక మూట తెచ్చింది. కుండలు చేసే మట్టి. నీళ్లలో నానబెట్టి, ఇసుక అడుగుకు దిగాక పైతేట పాతచీరలో వడగట్టి ముందే ఎండబెట్టి ఉంచింది. పొడి చేస్తే పిండిలా ఉంది. తన పిడికిలితో నాలుగు పిడికిళ్లు నాలో చల్లింది. నీళ్లు చిలకరించింది. స్విచ్చి వేయమంది.

మొదట ఎప్పటిలాగే కొట్టాను. కాసేపటికి నీళ్లు చిక్కబడ్డాయి. పల్చటి మజ్జిగలాంటివి గట్టి పెరుగులా అయ్యాయి. అడుగున పడుకున్న నల్లపొడి ఆ బురదతో పాటు పైకి లేచి ప్రతి రాయి ఒంటికీ అంటుకుంది. రాళ్లు గుద్దుకోబోయి బురదలో ఆగి, ఒకదానిమీద ఒకటి రాసుకుంటూ జారాయి. నా గొంతు మారిపోయింది. అరుపు పోయి గురగుర మిగిలింది.

బందెప్ప పరుగున వచ్చాడు. "మోటరు వోయింది అక్కా! సప్పుడు వడిపోయింది!"

"మోటరు మంచిగనే ఉంది," అంది మొగులమ్మ. "రాళ్లు గుద్దుకుంటలేవు, రాసుకుంటున్నయ్. గంతే."

అన్నేళ్లలో నేను కొట్టకుండా పనిచేసింది అదే మొదటిసారి. ఎంత కొత్తగా అనిపించిందో చెప్పలేను.

మర్నాడు మధ్యాహ్నానికి ఆమె ఒక రాయి తీసి నీళ్లలో ముంచి వెలుతురులో తిప్పి చూసింది. గరుకు లేదు, బీట లేదు. ఐదు రోజుల పని ఒకటిన్నర రోజులో అయింది. బందెప్ప ఆ రాయిని చెంపకు రుద్దుకుని చిన్నపిల్లాడిలా నవ్వాడు. సరిగ్గా అప్పుడే శరణప్ప గేటు తీసుకుని లోపలికి వచ్చాడు. హైదరాబాదులో ఎవరో నాలుగు మాటలు అన్నట్టున్నారు, మొహం అప్పటికే కందగడ్డలా ఉంది. నా గొంతు విన్నాడు. వంగి లోపలికి చూశాడు. బురద.

"ఏమేసినవే నా మిషన్ల?"

"మట్టి సేటూ. రాళ్లు జూడున్రి ఒకసారి..."

మాట పూర్తి కాలేదు. ఆయన చెయ్యి ఆమె చెంప మీద పడింది. పెదవి చిట్లింది. పక్కనున్న మట్టినీళ్ల బకెట్టును తన్నాడు. నేలంతా బురదైంది. ఎడమచేత్తో ఆమె జుట్టు పట్టి నా అంచు దాకా ఈడ్చుకొచ్చాడు.

"తియ్! నీ చేతులతోనే తియ్! మిషన్ నడుస్తుండంగనే తియ్!"

"సేటూ, ఇడువున్రి... చెయ్యి నలుగుతది సేటూ!"

ఆమె రెండు చేతులతో నా అంచు పట్టుకుని బిగుసుకుంది. ఆయన మెడ పట్టి వంచుతున్నాడు. ఆమె మొహం నా రాళ్లకు జానెడు దూరంలో ఉంది. పెదవి నుంచి నెత్తురు బొట్లు నాలో పడుతున్నాయి. బందెప్ప పార పక్కన నిలబడి వణుకుతున్నాడు, నాకంటే ఎక్కువగా. ఆపాలని నాకూ ఉంది. కాని స్విచ్చి వేస్తే తిరగడం తప్ప నాకు వేరే చేత కాదు.

తాను తన్నిన బురదలోనే శరణప్ప కాలు జారింది. పడుతూ పడుతూ కుడిచేత్తో నా కింది భాగాన్ని పట్టుకోబోయాడు. అక్కడ మూత లేదు.

ఎముక రాయికంటే చాలా మెత్తన. మూడు వేళ్లు. ఆయన అరిచిన అరుపు ముందు నా పాత అరుపులన్నీ తక్కువే. చెయ్యి ఇంకా లోపలే ఉంది, బరువులు మణికట్టు వైపు వెళుతున్నాయి. ఆయన ఎడమచెయ్యి ఆమె జుట్టును వదల్లేదు. జుట్టు ఆ పిడికిట్లో ఉండగానే ఆమె పక్కకు ఒంగి, కాలు చాచి, గోడమీది స్విచ్చిని మడమతో తన్నింది. నేను ఆగాను.

పైటకొంగు చింపి ఆ చేతికి కట్టింది ఆమే. "ఆటో తే బందెప్పా!" అని అరిస్తే గాని అతనికి కదలిక రాలేదు.

మూడోరోజు ఎస్సై షెడ్డుకు వచ్చాడు. శరణప్ప ఆసుపత్రి మంచం మీదినుంచి కాగితం రాయించి ఇచ్చాడట. మిషన్ పాడుచేస్తుంటే అడ్డుకున్నానని, ఆమె తనను మిషన్‌లోకి తోసిందని. మొగులమ్మ ఒక మూల నిలబడి ఉంది. పెదవి ఇంకా వాచే ఉంది. ఆమెను తీసుకుపోతారని పక్క షెడ్డువాళ్లంతా గేటు దగ్గర గుమిగూడారు.

"నువ్వు ఇక్కడే ఉన్నవా?" అని ఎస్సై బందెప్పను అడిగాడు.

"ఉన్న సారూ. కని... నేను సూడలే." అతను ఆమె వైపు చూడకుండా అన్నాడు.

మనుషులకు నోరు, కళ్లు రెండూ ఉంటాయి. ఒకేసారి రెండూ పనిచేయడం అరుదు. జరిగిందంతా చూసిన నాకు కళ్లే తప్ప నోరు లేదు.

ఎస్సై నా చుట్టూ తిరిగాడు. కింద ఎండిన నెత్తురు చూశాడు. గోడకు చేరేసి ఉన్న మూత చూశాడు. "మరి మిషన్ ఆపిందెవరు?"

బందెప్ప నుదుటి కుట్ల మీదికి చెయ్యి పోయింది. తర్వాత గట్టిగా ఏడ్చేశాడు.

"ఆమెనే సారూ. రెండుమాట్లు ఆమెనే ఆపింది. నాకైనప్పుడు గూడ ఆమెనే. సేటు జుట్టు వట్టుకున్నడు సారూ, ఆమె మొకం మిషన్ల వెట్టవోయిండు. కాలు జారి ఆయననే వడ్డడు. మూత తీపిచ్చింది గూడ ఆయననే."

ఎస్సై మొగులమ్మను చూశాడు. "నిన్ను కొడుతున్నోణ్ణి ఎందుకు కాపాడినవమ్మా?"

"ఆలోచన చెయ్యడానికి టైమెక్కడిది సారూ," అంది ఆమె. "తిరిగేదాన్ని ఆపిన."

ఎస్సై ఇద్దరి మాటలూ రాసుకుని, ఆమెను ఇంటికి పంపి, మూతను వెంట తీసుకువెళ్లాడు. పదిరోజుల తర్వాత ఒక కానిస్టేబులు తెచ్చి మళ్లీ గోడకు చేరేశారు.

నెల దాటాక శరణప్ప వచ్చాడు. కుడిచేతికి బొటనవేలు, చూపుడువేలు మిగిలాయి. బందెప్ప ఒక తొట్టి తెచ్చి ముందు పెట్టాడు. ఆరోజు నాలో ఉండిపోయిన రాళ్లు, కడిగి ఆరబెట్టినవి. శరణప్ప ఒక్కొక్కటి తీసి వెలుతురులో చూశాడు. బీట కోసం వెతికాడు. దొరకలేదు.

ఆయన మొండివాడు. తనకు తానే చేయగలననుకున్నాడు. పొలంలోంచి మట్టి తెప్పించి రెండు పారలు పోయించాడు. రాళ్లు కదల్లేదు, నా కడుపులో బంకలా బిగుసుకున్నాయి. మర్నాడు తగ్గించాడు. ఆ మట్టిలోని ఇసుక రాళ్లన్నిటి మీదా గీతలు పెట్టింది. ఆయన నన్ను తన్నడానికి కాలెత్తి, ఎందుకో దించేశాడు. అప్పుడు మొగులమ్మను పిలుచుకు రమ్మని బందెప్పను పంపాడు.

మొగులమ్మ వచ్చింది. లోపలికి రాలేదు. గడప దగ్గర నిలబడింది.

"ఎంత ఏస్తవ్ మట్టి?" అని ఆయన అడిగాడు.

"చెప్త. ముందుగాల స్టేషనుకు వోయి రాసిచ్చి రాండ్రి. నేను తొయ్యలేదని."

ఆయన మొహం ఎర్రబడింది. ఎడమచెయ్యి లేచింది. లేచిన చెయ్యిని తనే చూసుకున్నాడు. దించి బయటికి వెళ్లాడు. సాయంత్రం లోపు తిరిగొచ్చాడు. కాగితం ప్రతి ఆమె చేతికిచ్చాడు. బందెప్ప చదివి వినిపించాడు.

"ఇంగ ఆ మూత," అంది మొగులమ్మ. "బిగియ్యున్రి."

బందెప్ప ముందుకు కదిలాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

శరణప్ప మూత అందుకున్నాడు. తర్వాత నా ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. మూతను భుజంతో నొక్కిపట్టి ఎడమచేత్తో మరమేకు తిప్పాడు. అది జారి పడింది. వెతికి తీసుకుని మళ్లీ పెట్టాడు. మళ్లీ పడింది. మిగిలిన రెండు వేళ్లతో దాన్ని నిలబెట్టి తిప్పుతుంటే నొప్పికి పళ్లు నూరడం నాకు వినపడింది. ఆరు మరమేకులు. ఎవరూ సాయం పట్టలేదు. ఆఖరిది బిగిసేసరికి ఆయన చొక్కా చెమటతో తడిసి వీపుకు అంటుకుపోయింది.

మొగులమ్మ అప్పుడు గడప దాటింది. ఆ తర్వాత నేను నాలుగేళ్లు పనిచేశాను. ఎన్ని సంచుల రాళ్లు మెరిపించానో నాకే తెలియదు. శరణప్ప మంచివాడు అయిపోయాడని చెప్పను. తిట్టేవాడు, తలుపులు తన్నేవాడు. ఆమె మీద మాత్రం మళ్లీ చెయ్యెత్తలేదు. వడగట్టిన మట్టి సంచి తాళం ఆమె దగ్గరే ఉండేది.

పోయిన వర్షాకాలం నా కడుపు అడ్డంగా చీలింది. ఇప్పుడు పాతసామాను దుకాణంలో తుప్పు పట్టిన డ్రమ్ముల మీద బోర్లా పడున్నాను. ఇవాళ పొద్దున ఇద్దరు మనుషులు గ్యాసు కట్టరు తెచ్చి నా పక్కన పెట్టారు. ఒకడు మంట వెలిగిస్తున్నాడు. నేను కొట్టినవాళ్లు, నేను కోసినవి చాలా ఉన్నాయి, నా వంతు వచ్చిందంటే అనవలసింది ఏమీ లేదు. కాని చివరిగా తలచుకునేది ఆ దెబ్బల్ని కాదు. మొదటిసారి నా గొంతు తగ్గిపోతే, పాడైపోయానని బందెప్ప పరుగెత్తుకొచ్చిన రోజును. నేను అంత బాగా ఎప్పుడూ లేను.