రెండు కార్డులు, ఒక ఫ్యూజు

మా ఊరు గ్రానోసెన్‌లో ముసలివాళ్లందరి మణికట్టుకీ ఆపదలో నొక్కే ఒక మీట ఉంటుంది. మీట నొక్కితే మాట పలకాలి. ఆ మాట నాది. పేరు ట్యూరే. పాత బడి భవనంలో, ఒకప్పుడు పిల్లలకు వంట నేర్పిన గది పక్కన కూర్చుని, ఎవరు నొక్కినా ఏమైందని అడగడం నా ఉద్యోగం. నాకు మాటెక్కువ, మౌనం తక్కువ కాబట్టి ఆ కుర్చీ నాకే ఇచ్చారంటారు.

మీటకీ మాటకీ మధ్య ఉన్నదంతా మా యంత్రాలు చూసే హిల్లెవిది. వంటగదిని ఆనుకుని ఉన్న సామాన్ల కొట్టులో, మీటల పిలుపుల్ని నాకు చేర్చే ఆమె సర్వర్ ఉంటుంది. ఆ చలికాలం మున్సిపాలిటీ పెద్ద తూర్‌గ్నీ తేల్చి చెప్పాడు: ఎక్కడ ఏది ఊడినా సేవ ఆగకూడదు, ఆగేటట్టుంటే మొత్తాన్నీ పట్నం కేంద్రానికి అప్పగిస్తాం. అప్పగిస్తే నా కుర్చీ పోతుంది, సరే. హిల్లెవి బాధ అది కాదు. పట్నంలో కూర్చున్నవాళ్లకి ముసలి వాల్‌ఫ్రిద్ ఇల్లు ఏ మలుపులో ఉందో, ఎవరి కుక్క కరుస్తుందో ఏం తెలుసని ఆమె బాధ.

అందుకే సర్వర్‌కి రెండు నెట్‌వర్క్ కార్డులు బిగించింది. రెండింటినీ జతకట్టి ఒకే చిరునామా ఇచ్చింది. ఒకటి పని చేస్తుంది, రెండోది పని చూస్తుంది. చేసేది చచ్చిందా, చూసేదే చేసేదైపోతుంది. రెండు కార్డుల నుంచి రెండు తీగలు, పిలుపుల్ని అటూ ఇటూ పంపే రెండు వేర్వేరు స్విచ్ పెట్టెల్లోకి. కరెంటు పోతే సర్వర్‌కి బ్యాటరీ కూడా. నెట్‌వర్కంటే వల పని, వల తెగితే విలవిల మనదే అని నేనందుకున్నాను.

"ట్యూరే, నీ నోటిక్కూడా ఒక ఫ్యూజు పెట్టించుకో" అంది హిల్లెవి, తల ఎత్తకుండానే.

సేవ ఆగదని తూర్‌గ్నీకి చూపించాల్సిన పరీక్ష సరిగ్గా వాఫల్ రోజున, అంటే ఊరంతా గళ్ల అట్లు కాల్చుకునే రోజున, పడింది. ఆ రోజు మా ఆఫీసుల్లో పిండి కాలుతుంది, పని మాడుతుంది. తూర్‌గ్నీ కూడా వాళ్లమ్మ నాటి బరువైన, మూతతో మూసే కరెంటు పెనం చంకన పెట్టుకుని వచ్చాడు. హిల్లెవి అతని కళ్ల ముందే మొదటి తీగ పీకింది. నా చెవిలో మాట్లాడుతున్న ముసలమ్మ గొంతు ఒక్క గుటక మింగినట్టయి, మళ్లీ తన మోకాలి కథలోకే వెళ్లిపోయింది. పాసైందన్నాడు తూర్‌గ్నీ. పెనం పట్టుకుని వంటగదిలోకి నడిచాడు.

అక్కడ అప్పటికే రెండు పెనాలు కాలుతున్నాయి. అతను మూడోదాని ప్లగ్గు గుచ్చాడు. దీపం ఆరిపోయింది. అందరూ నవ్వారు. "వా, ఫుల్" అనుకున్నది కాస్తా "వా, నిల్" అయిందని నేను గొంతు సవరించుకుంటూ నా బల్ల వైపు చూశాను. తెరంతా ఎరుపు. ఊళ్లో మీటలన్నీ మూగబోయాయి.

హిల్లెవి కొట్టులోకి పరిగెత్తింది, వెనకే నేను. సర్వర్ బ్యాటరీ మీద నిక్షేపంగా ఉంది. కార్డులు రెండూ క్షేమం. కానీ స్విచ్ పెట్టెలు రెండూ ఒకే గోడకి గుచ్చి ఉన్నాయి. ఆ గోడ వంటగది ఫ్యూజు మీద నడుస్తుంది. అన్నీ రెండేసి పెట్టిన మనిషికి ఆ ఒక్కటీ తట్టలేదు. ఆమె వెళ్లి ఒక పెనం పీకేసి, సొరుగులోంచి కొత్త ఫ్యూజు తీసి బిగించింది. తెర పచ్చబడింది. మిగిలిన పెనాలు మళ్లీ సుయ్‌మన్నాయి. కొట్టులో జరిగింది మా ఇద్దరికే తెలుసు.

పరీక్ష పాసైపోయింది. నోరు మూసుకుంటే చాలు. అంత సులువుగా నోరు మూతపడడం నా జన్మలో అదే మొదలు. హిల్లెవి మాత్రం మాడిన ఫ్యూజు అరచేతిలో పెట్టుకుని వంటగది గుమ్మంలో నిలబడింది.

"తూర్‌గ్నీ, ఇందాక కాసేపు మనం చెవిటివాళ్లమైపోయాం. తప్పు నాదే. ఆ కాసేపట్లో ఎవరైనా నొక్కుంటే మనకి తెలీదు. తినడం ఆపి అందరికీ ఫోన్లు చేద్దాం పదండి."

ఇళ్లు పంచుకుని ఫోన్లు చేశాం. అందరూ పలికారు, వాల్‌ఫ్రిద్ తప్ప. రోజూ ఏదో వంకన మీట నొక్కి నాతో మంచు గురించి మాట్లాడే మనిషి. తూర్‌గ్నీ కారు తాళాలు తీసుకున్నాడు. పాల కేంద్రం దాటాక రెండో మలుపు, కుక్క అరుస్తుంది గానీ కరవదు అని హిల్లెవి దారి చెప్పింది.

కట్టెల కొట్టం ముందు జారిపడ్డాడట వాల్‌ఫ్రిద్. మడమ బెణికి, మంచులో ఇంటివైపు దేకుతున్నాడట.

"మీట నొక్కాను, ట్యూరే పలకలేదు. వాడు పలకలేదంటే వాడే పోయాడనుకున్నా" అన్నాడట.

తూర్‌గ్నీ మోకాళ్ల దాకా తడిసి వచ్చాడు. పట్నంవాళ్లయితే ఇలా తమ తప్పు తామే చెప్పేవాళ్లా అని అడిగాడు. మమ్మల్ని కాదు, బల్ల మీది మాడిన ఫ్యూజుని. తర్వాత హిల్లెవి వైపు తిరిగి, ఇంకో పరీక్ష పెడతాను, ఈసారి పెనంతో అన్నాడు.

మరుసటి వారం ఎలక్ట్రీషియన్ రెండో స్విచ్ పెట్టెకి భవనం అవతలి వైపు నుంచి, వేరే ఫ్యూజు మీద కరెంటు లాగాడు. తూర్‌గ్నీ మూడు పెనాల్లోనూ పిండి పోసి, మూడూ గుచ్చాడు. కాసేపటికి వంటగది చీకటైంది. నా తెర ఒక్కసారి రెప్ప వేసి, పచ్చగానే నిలబడింది. అంతలో మీట మోగింది.

"పడలేదు, ఊరికే నొక్కా" అన్నాడు వాల్‌ఫ్రిద్. "వాఫల్ మిగిల్చారా?"

తూర్‌గ్నీ చల్లారుతున్న పెనం తెరిచి చూశాడు. "పట్నం సంగతి ఇక వదిలెయ్, హిల్లెవి" అని, నా వైపు తిరిగాడు. "సగమే కాలిందని చెప్పు. ఫ్యూజు మార్చాక నేనే తెస్తా. దారి తెలుసు."