ఏ బాస ‘చాలు’

కామాటిపుర ఏడో గల్లీ సంఘం వార్షికోత్సవానికి వజ్రమ్మ పాట కట్టింది. తెలుగు నేల నుంచి వలస వచ్చి ఈ మరాఠీ ఊరు కట్టడానికి రాళ్లు మోసిన తాతలను పొగిడే పాట, బతుకమ్మ బాణీలో. పాడేది చాల్ ఇరుకు గదుల్లో పెరుగుతూ మరాఠీ బడికి పోయే ఆడపిల్లలు. తెలుగుకు నోరు తిరిగేదాకా తిట్టి తిట్టి నేర్పింది.

ఆ సాయంత్రం “రాయి మోసిన భుజమా ఉయ్యాలో” అని గుంపుగా ఎత్తుకుని చక్కగా ముగించారు. వజ్రమ్మ చెయ్యెత్తి “చాలు” అంది. పిల్లలు మళ్లీ మొదటినుంచి అందుకున్నారు. మరాఠీలో చాలూ అంటే నడవనీ అని కదా. ఆమె గుడ్లురిమి “చాలు, చాలు” అంది. వాళ్లు ఇంకా గొంతు పెంచారు.

పరువు పోయిందనుకుంటూ జనం వైపు తిరిగింది. ఇందాక చేతులు కట్టుకుని కూర్చున్న ముసలి మేస్త్రీలు లేచి నిలబడి, ఉయ్యాలో అని వంతపాడుతున్నారు. వజ్రమ్మ పిల్లల వైపు తిరిగి, ఈసారి మెల్లగా, “చాలు” అంది.

అంతా అయ్యాక, డోలు కొట్టిన మరిది ముత్తయ్య నవ్వుతూ అడిగాడు. “వదినా, చాలు చాలు అంటనే ఉంటివి. అది ఏ బాసది?”

“ముందుగాల మనది,” అంది వజ్రమ్మ. “ఆఖరుది వాండ్లది.”