నూట ఇరవై హాజరీలు

రాధారాణి చేసిన నేరం ఒక్కటే. ముందున్న కంప్యూటర్ మీద ఒక మీట నొక్కింది.

అది వెలగలేదు. వెలగడానికి దానికి కరెంటు తీగే లేదు. ఆ హాల్లో ఉన్న వంద కంప్యూటర్లలో ఒక్కదానికీ లేదు. అయినా సూపర్‌వైజర్ రాబిన్ రెండంగల్లో వచ్చి ఆ పిల్ల చెంప ఛెళ్ళుమనిపించాడు.

"హాత్ మత్ లగావ్! ముట్టుకోకు! కూర్చోమంటే కూర్చోవాలి, అంతే!"

చీరల మీద కంపెనీవాళ్ళిచ్చిన నీలం కోట్లు తొడుక్కున్న వంద మంది ఆడవాళ్ళు ఆ దెబ్బ చూశారు. పక్క కుర్చీలో పోలమ్మ కూడా చూసింది. పోలమ్మ అంటే చనిపోయిన రైల్వే ఫిట్టర్ దేముడి పెళ్ళాం. ఆమె నోరు విప్పితే ఖరగ్‌పూర్ మలంచా రోడ్డు మీద ఆటోలు ఆగుతాయని చెప్పుకుంటారు. అలాంటి మనిషి ఆ పూట పళ్ళు బిగబట్టి ఊరుకుంది. ఎందుకంటే అది ఆమెకు తొంభై ఏడో హాజరీ.

ఈ హాజరీల గొడవ రైలు మనుషులకు తప్ప ఇంకొకరికి అర్థం కాదు. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ఒకప్పుడు కూలీగా చేరినవాడు నూట ఇరవై రోజులు ఒక్క నాగా లేకుండా హాజరీ వేయించుకుంటే వాడి నౌకరీ పక్కా అయ్యే దారిలో పడ్డట్టేనని ఫిట్టర్ బస్తీలో ఇంటింటా చెబుతారు. శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి బతకడానికొచ్చిన తాతలు అలాగే నిలదొక్కుకున్నారు. తల్లి పోయిన రోజున కూడా దేముడు ముందు హాజరీ వేయించుకుని, ఆ తర్వాతే వచ్చి కొరివి పెట్టాడు. బస్తీలో దాన్ని తప్పు అనుకోరు, గొప్ప అనుకుంటారు.

ఆ బస్తీ పక్కనే 'నీలాంబర్ టెక్ ప్రాంగణం' అని ఆరంతస్తుల గాజు మేడ లేచింది. ఊడవడానికి, వండడానికి, గేటు కాయడానికి బస్తీవాళ్ళనే పెట్టుకుంటామన్నారు. మేడ పూర్తయ్యేసరికి కంప్యూటర్ ఉద్యోగాలు కాస్తా ఎవరింట్లో వాళ్ళు కూర్చుని చేసుకునేవి అయిపోయాయి. మనుషులు రాని ఆఫీసులో ఊడవడానికి దుమ్ము తప్ప ఏముంటుంది? అయినా ఒక ఇంగ్లీషు కాయితం మీద సంతకాలు పెట్టించుకుని ఆడవాళ్ళకు కార్డులిచ్చారు. వాటి మీద పేర్లు లేవు, అంకెలే ఉన్నాయి. పొద్దున తొమ్మిదింటికి గేటు మిషనుకు ఆనించాలి, సాయంత్రం మళ్ళీ ఆనించాలి. మధ్యలో కుర్చీలో కూర్చోవాలి. ట్రెయినింగు అన్నారు.

ఆ కాయితం చదివి వినిపించినవాడు వరాహనరసింహం. రైల్వే ఆఫీసులో హెడ్‌క్లర్కుగా చేసి రిటైరయ్యాడు. అక్కడ ఆ పదవిని బొడోబాబు అంటారు. గుడి కమిటీకి కార్యదర్శి కూడా. బస్తీకి ఇంగ్లీషు కాయితం వచ్చిందంటే ఒకప్పుడు ఆయన తాత అరుగెక్కేది, తర్వాత తండ్రిది, ఇప్పుడు ఆయనది. ఆయన చదువుతాడు, వేలితో చోటు చూపిస్తాడు, వీళ్ళు సంతకం పెడతారు. దేముడి పింఛను అర్జీ రాసిపెట్టిందీ ఆయనే. బస్తీలో చదువుకున్న ఆడపిల్లలు లేరా అంటే, ఉన్నారు. కానీ బొడోబాబు చదివాక మళ్ళీ చదవడం ఆయన్ని అవమానించినట్టని వాళ్ళు కాయితం ముట్టుకోలేదు.

"నాలుగు నెలలు బ్రేకు లేకుండా రండి పోలమ్మా. ఇదీ మన రైల్వే రూలు లాంటిదే. ఆ తర్వాత పర్మనెంటు," అన్నాడాయన. అందరూ నమ్మారు. నమ్మకపోవడం వాళ్ళకు చేతకాలేదు.

నూట మూడో రోజున ఆ హాల్లోకి ఉదయభాను వచ్చింది. ఆమె వరాహనరసింహం కూతురు. మలంచాలో డాబా మీది గదిలో కూర్చుని ఆ నీలాంబర్ కంపెనీకే పని చేస్తుంది. ఖరగ్‌పూర్ ఆఫీసుకు ఒక్క నాగా లేకుండా వస్తున్నావని ఆ ఉదయమే కంపెనీ ఆమెను మెచ్చుకుంటూ ఉత్తరం పంపింది. ఆమె ఆ గాజు మేడ గడప ఏనాడూ తొక్కలేదు. తన అంకె వేసిన కుర్చీ ఎలా ఉందో చూద్దామని వస్తే అందులో పోలమ్మ కూర్చుని ఉంది.

"పోలమ్మగారూ, మీ కార్డు ఒకసారి ఇవ్వండి."

"ఏటమ్మా, నానేటి తప్పు సేసినాను?"

ఉదయభాను అంకె చూసింది. అది తన అంకె. "మీరు వచ్చిన ప్రతిరోజూ నేను వచ్చినట్టు పడింది. మీరు వచ్చినట్టు ఎక్కడా లేదు."

"ఎక్కడా నేదా?" పోలమ్మ కార్డు వెనక్కి లాక్కుంది. "జొరంతో వచ్చినాను కదమ్మా. మనవడి అన్నప్రాసన మానీసి వచ్చినాను."

ఆదివారం బస్తీలో మీటింగు పెట్టారు. తండ్రి బీరువాలోంచి ఉదయభాను ఆ కాయితం తెచ్చి, మాట మాటకూ తెలుగు చెప్పింది. సర్కారు స్థలమిచ్చింది ఒక షరతు మీద. ఆఫీసులో వంద మంది ఉద్యోగులు నాలుగు నెలలు పని చేసినట్టు ఆఖరి రోజున తనిఖీకి వచ్చే ఆఫీసర్లకు చూపిస్తే, పక్కనున్న మిగతా స్థలం కూడా కంపెనీదే అవుతుంది. ఆ మిగతా స్థలమే ఫిట్టర్ బస్తీ. తామే ఇష్టపడి ఇళ్ళు ఖాళీ చేస్తామని కింద వంద సంతకాలున్నాయి.

వర్క్‌షాపు వెల్డరు గోవిందరావు తల పట్టుకున్నాడు. "అంటే మీరు ఆ కుర్సీలో కూకున్న పెతి రోజూ మనిల్లు మనమే కూల్సుకున్నాం. యూనియనోడినై ఉండి నానూ సదవనేదు!"

వరాహనరసింహాన్ని పిలిపించారు. ఇస్త్రీ పంచె చెదరకుండా వచ్చాడు.

"మీ మంచికే చేశాను. ఫ్లాట్లు ఇస్తామని వాళ్ళు నాకు నోటిమాటగా చెప్పారు. పెద్దవాళ్ళతో పెట్టుకుని ఎవడు బాగుపడ్డాడు? చదువు లేనివాళ్ళకు అంతా చెబితే హడలిపోతారు."

"నీకేటిచ్చినారు?" గోవిందరావు అడిగాడు.

"సలహాదారు పోస్టు," అని ఆయన నేల చూశాడు.

పోలమ్మ లేచింది. "దొంగోడైతే తలుపేసుకుందుం బాబూ. నీకు మేమే తలుపు తీసినాం కదా!"

ఆయన వెళ్ళిపోయాక కేకలు లేచాయి. రేపటినుంచి పోవద్దంది రాధారాణి. మేడ అద్దాలు పగలగొడదామన్నారు మగవాళ్ళు.

"మనం మానీస్తే ఇంకో బస్తీ ఆడోల్ని తెస్తారు," అంది పోలమ్మ. "అద్దాలు పగలగొడితే మనమే రౌడీలం. ఎల్దాం. నూట ఇరవయ్యీ నింపుదాం. ఆపీసర్లు వచ్చిన్నాడు అందరి ముందరా నోరిప్పుదాం."

నూట ఇరవయ్యో రోజున కలకత్తా నుంచి ఆఫీసర్లు వచ్చారు. వరసలు చూసి సంతోషించారు. ఒకాయన పోలమ్మ దగ్గర ఆగి, "ఆప్నార్ నామ్ కీ, దీదీ?" అని బెంగాలీలో పేరు అడిగాడు.

"ఉదయభాను," అన్నాడు వెనకనుంచి రాబిన్.

పోలమ్మ నిలబడి నీలం కోటు విప్పి కుర్చీ మీద పడేసింది. "ఆమార్ నామ్ పోలమ్మ. నాకు కంప్యూటర్ రాదు. మీరు తీసుకుపోయే బస్తీలో నా ఇల్లుంది," అని వచ్చిన బెంగాలీలో చెప్పింది. రాధారాణి కోటు విప్పింది. ఆ వెనక వరసలకు వరసలు విప్పేశాయి. గుమ్మంలోంచి ఉదయభాను కేక వేసింది. "ఉదయభాను నేను! మీరు తనిఖీకి వచ్చిన ఈ రోజే నేనిక్కడ పనిలోకి వచ్చాను!"

ఆఫీసర్ల వెంట ఉన్న కంపెనీ మేనేజరు ముందుకు దూకాడు. "వీళ్ళు బయటివాళ్ళు సార్! దౌర్జన్యంగా చొరబడ్డారు!"

"బయటోలమా?" పోలమ్మ ఆయన మీదికి నడిచింది. "అయితే నీ ఆపీసు కాలీ అని రాయించు. కాదూ, మేం నీ పనోలమంటావా? మా పని పక్కా సెయ్యి. రెండిట్లో ఏదో ఒకటి ఆ బాబు సేత ఇప్పుడే రాయించు!"

ఆఫీసరు కలం మూత పెట్టేశాడు. ఏదీ రాయలేదు. పోలీసులు మాత్రం పది నిమిషాల్లో వచ్చారు. పోలమ్మను, రాధారాణిని, ఉదయభానును వ్యానెక్కించారు.

సాయంత్రం నాలుగింటికి వరాహనరసింహం ఠాణాకు వచ్చాడు. చేతిలో అందంగా రాసిన అర్జీ ఉంది. ఉదయభాను లాక్కుని పైకి చదివింది. మేము తెలివిలేని వాళ్ళం, ఒకరి మాట విని తప్పు చేశాం, క్షమించండి, ఇళ్ళు ఖాళీ చేస్తాం.

"సంతకం పెట్టు పోలమ్మా. అరగంటలో ఇంటికి పోతావు," అంటూ ఆయన అలవాటు చొప్పున వేలితో చోటు చూపించాడు.

ఆ వేలు చూసి పోలమ్మకు ఏడుపొచ్చింది. కోపం తర్వాత వచ్చింది. "ఇంకేనాడూ మాకు రాయకు బాబూ," అంది. అర్జీ నాలుగు ముక్కలు చేసి ఆయన చేతిలోనే పెట్టింది.

అయిదింటికి వర్క్‌షాపులో మొదటి షిఫ్టు వదిలారు. ఇళ్ళకు పోవలసిన సైకిళ్ళు ఠాణా వైపు తిరిగాయి. ముందు గోవిందరావు, వెనక నూనె మరకల చొక్కాలు, ఆ వెనక బస్తీ ఆడవాళ్ళు. తెలుగు, బెంగాలీ, హిందీ కలగలిసిన నినాదాలతో రోడ్డు నిండిపోయింది. ఠాణా అధికారి దారోగా కిటికీ దగ్గరికి వెళ్ళి చూసి, ఎంతమంది వచ్చారో లెక్కపెట్టమని కానిస్టేబులుకు చెప్పాడు.

"ఇప్పుడే లెక్కెట్టకండి సారూ," అంది కటకటాల వెనకనుంచి రాధారాణి. "రెండో షిప్టోలు ఇంకా రానేదు."