జితేంద్ర పెట్టిన సైరన్

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. కావేరి అన్న జితేంద్రకి ఆ మర్యాదా దక్కలేదు. దీవిని సునామీ ముంచి నెల దాటినా, వాళ్ళ ఊరు వండూర్‌లో అతని మీద తిట్లు ఆగలేదు.

పోటు నీళ్ళు గట్టెక్కి పొలాల్లోకి రాకముందే హెచ్చరించడానికి సైరన్ పెట్టింది జితేంద్రే. వాగులో నీటి ఎత్తు కొలిచే డబ్బా ఒకటి తేలుతూ ఉంటుంది. దాని తీగ వాళ్ళ కొట్టు అటక మీది పాత కంప్యూటర్‌కి వస్తుంది. ప్రోగ్రామ్ సి భాషలో తనే రాశాడు. రెండేళ్ళు తప్పకుండా మోగింది, ఊరు నమ్ముకుంది. ఆ ఆదివారం మాత్రం మోగలేదు. కెరటంలో జితేంద్రా పోయాడు, అదే ఊరి అసిరయ్య భార్య, వాగులోకి దిగిన గవరమ్మా పోయింది.

"నిద్ర సెడతాదని సైరన్ ఆపేసి తొంగున్నాడు మీవోడు. నా ఆడదాన్ని సంపేసినాడు," అని అసిరయ్య కొట్టు ముందు నిలబడి రోజూ అరిచేవాడు. కావేరి తల్లి బుల్లెమ్మ లోపల కొంగు నోట్లో కుక్కుకునేది.

కావేరి డైరీ ఫార్మ్ అనే పేటలో కంప్యూటర్ సెంటర్ నడుపుతోంది. ఆ విద్య ఆమెకు అన్న నేర్పిందే. అటక మీది కంప్యూటర్ విప్పి చూసింది. సైరన్‌ని ఎవరూ ఆపలేదు. ప్రోగ్రామే ఆ ఉదయం కుప్పకూలి, కూలిన క్షణం నాటి ఆనవాళ్ళతో కోర్ ఫైలు ఒకటి వదిలింది. ఎందుకు కూలిందో తెలిస్తే అన్న మీది నింద పోతుందని ఆశపడింది.

ఆ ఫైలును డీబగ్గర్‌లో, అంటే ప్రోగ్రామ్ తప్పు వెతికిపెట్టే సాధనంలో, తెరిస్తే అన్నీ అంకెలే. ప్రోగ్రామ్‌లో ఏ భాగానికీ, అంటే ఏ ఫంక్షన్‌కీ, పేరు లేదు, వరుస సంఖ్య లేదు. చోటు కలిసొస్తుందని జితేంద్ర ప్రోగ్రామ్‌లోంచి డీబగ్ పేర్లన్నీ తీసేశాడు. ఆస్పత్రి వరండాలో అన్నను వెతికిన రోజు గుర్తొచ్చింది. అక్కడి శవాలకూ పేర్లు లేవు, నంబర్లే. కావేరి కీబోర్డు మీదే తల వాల్చి ఏడ్చింది.

జితేంద్ర చేత్తో రాసిన ప్రోగ్రామ్ అసలు ప్రతి, సోర్సు, సెంటర్లో దొరికింది. పేర్లు ఉండేలా దాన్ని కంపైలర్‌తో మళ్ళీ యంత్రభాషలోకి మార్చింది. డీబగ్గర్ తేదీ చూపించే వరుస దగ్గర తప్పుందని చెప్పింది. ఆ వరుసలో తప్పే లేదు. చాలా రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాక తెలిసింది: సెంటర్లో ఉన్నది కొత్త కంపైలర్, దానితో తయారైన ప్రోగ్రామ్ లోపలి చిరునామాలు పాతదానితో కలవవు. ఎవరి చొక్కానో ఇంకొకరికి తొడిగినట్టయింది.

ఈసారి అన్న వాడిన కంపైలర్, అన్న పెట్టిన ఆప్షన్లే తీసుకుని, పేర్లు ఉంచమనే ఆప్షన్ ఒక్కటే చేర్చింది. ఆ పేర్లు తీసేసి చూస్తే అటక మీది ప్రోగ్రామ్‌తో అక్షరం పొల్లుపోకుండా సరిపోయింది. ఇక నమ్మొచ్చు.

డీబగ్గర్ పేరు చెప్పింది: నీటి ఎత్తు లెక్కించే ఫంక్షన్. వరుస చెప్పింది. ఎత్తు ఎంతని అడిగితే మైనస్ పదకొండు అంది.

కావేరికి అప్పుడర్థమైంది. నీళ్ళు ఎంత పైకి రాగలవో అన్న ఆలోచించాడు. కొలత అట్టడుగు గుర్తుకన్నా కిందికి పోతాయని ఆలోచించలేదు. కెరటానికి ముందు సముద్రం వెనక్కి తగ్గింది. ఎత్తుల పట్టికలో లేని గడి కోసం వెతికి ప్రోగ్రామ్ అప్పుడే చచ్చింది. తర్వాత నీళ్ళు లేచినా మోగించేది లేదు. ఇదంతా తల్లికి చెప్పింది.

"ఆపలేదని సెప్పు, బస్. మిగతాది నీ కడుపులోనే ఎట్టుకోయే," అంది బుల్లెమ్మ. "సచ్చిపోనోడి పరువు నువ్వే తీత్తావా?"

"ఫెరార్గంజ్ వాగులోనూ అన్న పెట్టిందే ఉందమ్మా. భూమి ఇంకా అదురుతోంది. సైరన్ ఉందిగా అని వాళ్ళు పొలాల్లోకి దిగుతున్నారు."

బుల్లెమ్మ మొహం తిప్పుకుంది. కావేరి ముందు ఫెరార్గంజ్ వెళ్ళి ఆ సైరన్ విప్పించింది. తిరిగొచ్చి, కొట్టు ముందు అసిరయ్య కనబడగానే ఆపి, ఏదీ దాచకుండా చెప్పింది.

అసిరయ్య వాగు వైపు చూశాడు. "నీళ్ళెనక్కెళ్ళినప్పుడే మోగుంటే, గవరమ్మ సేపలేరడానికి దిగేది కాదమ్మా," అన్నాడు.

"అవును బాబాయ్. అది అన్న తప్పే."

"ఆడు తొంగున్నాడని తిట్టుకుంటా ఈ నెల్లాళ్ళూ బతికినాను. ఊరి కోసం రాసి, ఒక్క లెక్క మర్సిపోనాడంటే..." అసిరయ్య అక్కడే మట్టిలో కూలబడ్డాడు. "ఇప్పుడెవర్ని తిట్టుకోనమ్మా?"