మంత్రంలో గుప్పెడు ఎక్కువ

మా అమ్మాయి హంసిని సొంతంగా కట్టిన మంత్రం పొద్దుటి నుంచి వంటింటి గట్టు మీద కూర్చుని ఉంది. బూడిదగుమ్మడికాయంత ఉంది. దింపుదామంటే నా ఒక్కదాని వల్ల కావడం లేదు. అందుకని పక్కనే కూర్చుని బెండకాయలు తరుగుతున్నాను.

బెండకాయలు తెగడం లేదు. మంత్రం ఉన్నచోట దేనికీ దెబ్బ తగలదు. పొయ్యి మీద పాలు అంచు దాకా పొంగి, ఎవరి మీదైనా పడతామేమోనని అక్కడే ఆగిపోయాయి. నాకిది బాగానే ఉంది. పిల్ల పుట్టినప్పటి నుంచి నేను దేవుణ్ణి అడుగుతున్నది ఇదే.

హంసిని ఇంటర్ చదువుతోంది. కింది వాటా ఫర్హానాతో కలిసి ఒక ఆట ఆడుతుంది. ఈ మంత్రం కట్టింది దాని కోసమే. బల్ల దగ్గర కూర్చుని, పాచికలు దొర్లించి, నోటితో కథ చెప్పుకుంటూ గుహల్లోకి వెళ్తారు. గుహ మా భోజనాల బల్ల కిందే ఉంది. ఊడుస్తుంటే చీపురు లోపలికి పోతూనే ఉంటుంది. మొన్న ఇక చెయ్యి లాగి, చీపురు వదిలేశాను. లోపలి నుంచి జలుబు చేసే గాలి వస్తుంది.

ఆట నడిపేది ఫర్హానా. ఇవాళ సాయంత్రం కాగానే తక్కెడ పట్టుకుని వస్తుంది. మంత్రాన్ని చూసి పెదవి విరుస్తుంది.

"ఆంటీ, ఇది మరీ బలంగా ఉందండీ. ఇలాగే లోపలికి రానిస్తే ఆటే ఉండదు."

"లేకపోతే ఏం పోయిందమ్మా? అందరూ క్షేమంగా ఇంటికొస్తారుగా."

"అసలు వెళ్తేగా, రావడానికి."

ఒక పళ్ళెంలో మంత్రం ఇచ్చే కాపుదల, రెండో పళ్ళెంలో అది బదులుగా పుచ్చుకునేది. రెండూ సమానమైతేనే మంత్రం లోపలికి వెళ్తుంది. దీపాలు పెట్టే వేళకి తూగకపోతే హంసిని అది లేకుండానే వెళ్ళాలి.

"వెళ్తానమ్మా. ముందు నడిచేది నేనేగా" అంటుంది హంసిని.

"లోపల ఏముంటాయే?"

"తెలీదు. వెళ్తే తెలుస్తుంది."

నాకు వెళ్ళకుండానే తెలుసు. జారే మెట్లుంటాయి. మూత లేని బావి ఉంటుంది. తగ్గని జ్వరం ఒకటి మూల కూర్చుని ఉంటుంది.

హంసిని మంత్రాన్ని చెక్కుతుంది. 'అందరికీ' అన్నది తీసి 'ఒక్కరికి' అంటుంది. 'తెల్లవార్లూ' అన్నది 'దీపం ఆరేదాకా' అంటుంది. తొక్కలు కింద పడుతుంటే నేను చేత్తో ఎత్తుతున్నాను. గుహలో ఉన్నంతసేపూ మాట్లాడనని రెండో పళ్ళెంలో తన గొంతు పెడుతుంది. ముల్లు మధ్యకి వస్తుంది. నేను కొంగుతో చెయ్యి తుడుచుకుంటాను. పళ్ళెం మళ్ళీ మంత్రం వైపే కుంగుతుంది.

మళ్ళీ చెక్కుతుంది. మళ్ళీ కుంగుతుంది. కిటికీలో ఎండ పలచబడుతోంది.

"అమ్మా, ఏదీ, చెయ్యి చూపించు."

చూపిస్తాను. అరచేతికి మంత్రం పిండిలా అంటుకుని ఉంది. బియ్యం కొలిచాక పైన ఒక గుప్పెడు వెయ్యడం మా అమ్మ నేర్పిన అలవాటు. చాలకపోతే ఎలా అని చెయ్యి దానంతటదే వేస్తుంది. నన్ను అడగదు. ఎత్తిన తొక్కల్నీ అలాగే మళ్ళీ మంత్రంలో వేసేసింది.

"రోజూ అన్నం మిగిలేది ఇందుకే" అంటుంది హంసిని.

"ఆ చద్దన్నం తినేది నేనేగా. నిన్ను తినమన్నానా?"

ఫర్హానా మంత్రాన్ని వేలితో నొక్కి చూస్తుంది. "కలిసిపోయిందండీ, ఇక విడదీయలేం. అవతలి పళ్ళెంలో మీరే ఏదైనా వెయ్యాలి."

నా నిద్ర వేస్తాను. పళ్ళెం కదలదు.

"అది ఎప్పుడో ఖర్చయిపోయింది, ఆంటీ. వట్టి సంచి."

"పోనీ, ప్రాణం వేస్తాను."

"అది మీరు మాటకొస్తే వేసేస్తారు. దానికి బరువుండదు. మీకు ఇవ్వబుద్ధి కానిది ఉండాలి."

హంసిని నా కళ్ళ వైపు వేలు చూపిస్తుంది. "చూపు వెయ్యమ్మా. నేను వెళ్తుంటే వెనకాలే పంపిస్తావే, అది."

నా చూపు రోజూ సందు మలుపు తిరిగి, హంసినితో బస్సెక్కి, కాలేజీ గేటు దాకా వెళ్తుంది. సాయంత్రం దుమ్ము కొట్టుకుని తిరిగొస్తుంది. బాగా అరిగిపోయింది. అయినా అది లేకుండా నేను ఒక్క పూట ఉండలేదు. కంటి కొసన పట్టుకుని లాగితే తడి దారంలా వస్తూనే ఉంటుంది. ఉండలా చుట్టి పళ్ళెంలో పెడతాను.

ముల్లు మధ్యకి వచ్చి నిలుస్తుంది.

"సరిపోయింది" అంటుంది ఫర్హానా. "మీరు చూడనంతసేపే మంత్రం కాపాడుతుంది. చూశారో, ఆగిపోతుంది."

మంత్రం ఇప్పుడు నిమ్మకాయంత ఉంది. హంసిని దాన్ని చున్నీ కొసన ముడేసుకుంటుంది. పాలు పొంగి పొయ్యి ఆరిపోతుంది. బెండకాయలు వాటంతటవే ముక్కలవుతాయి. నేను గోడ వైపు తిరిగి నిలబడతాను.

"వెళ్ళొస్తానమ్మా."

"చెప్పులేసుకో. లోపల తడిగా ఉంటుంది."

కుర్చీ జరిగిన చప్పుడు. చల్లగాలి. తర్వాత ఏమీ లేదు.

నా కుడి చెయ్యి గుప్పిట పడి ఉంది. ఎప్పుడు మూసుకుందో తెలియదు. బల్ల కింది గుహ అందులోకి వచ్చినట్టుంది, లోపల పాచిక దొర్లుతోంది. వేళ్ళ సందుల్లోంచి దీపం వెలుగు ఎర్రగా కనిపిస్తుంటే, చూస్తే మంత్రం ఆగిపోతుందని కళ్ళు మూసుకుంటాను. మొన్న వదిలేసిన చీపురు పుల్ల ఒకటి చిటికెనవేలి పక్కనుంచి బయటికి వచ్చి కింద పడుతుంది. అరచేతి గీతల మీద ఎవరో చెప్పులతో ఆచితూచి నడుస్తున్నారు.

రాత్రి వంట చెయ్యాలి. ఎడమ చేత్తో బియ్యం కొలుస్తాను. పైన వెయ్యాల్సిన గుప్పెట్లో అమ్మాయి ఉంది. విప్పను.