బాణం తోకన ఎర్ర దీపం

పోయినేడు నవంబరులో మార్లిస్ తోర్సన్ వదిలిన బాణం జింకకు తగిలింది. తగిలిందని చప్పుడు చెప్పింది. ఎక్కడ తగిలిందో మాత్రం ఏదీ చెప్పలేదు. ఆమెను ఏడాది పాటు కుదురుగా తిననివ్వనిది ఆ ఒక్క సంగతే.

మార్లిస్‌కు యాభై ఆరేళ్ళు. విస్కాన్సిన్ పడమటి కొండల్లో బడి బస్సు నడుపుతుంది. నలభై దాటాక విల్లు పట్టింది. తుపాకీ మోత ఆమెకు గిట్టదు. మంచె మీద చప్పుడు లేకుండా కూర్చోవడమంటే ప్రాణం. ముప్ఫై ఇద్దరు పిల్లల గోల వారమంతా విన్నవాళ్ళకు ఆ సుఖం తెలుస్తుంది.

ఆ సాయంత్రం పొద్దు గూకి పది నిమిషాలైంది. కొమ్ముల జింక ఒకటి పొదల్లోంచి వచ్చి పక్కకు తిరిగి నిలబడింది. ఆమె నారి లాగి వదిలింది. నల్ల బాణం, నల్లబడుతున్న అడవి. తడి గోనెసంచిని కర్రతో కొట్టినట్టు ఒక చప్పుడు, అంతే, జింక లేదు. ఆగాల్సింది. ఆగలేకపోయింది. మంచె దిగి వెంటనే వెతుకుతూ పోయింది. రెండు నెత్తుటి చుక్కలు కనిపించాయి, ఎదుట పొదలో ఏదో లేచి పరుగెత్తింది, ఆ తర్వాత వాన పట్టుకుంది. మర్నాడూ ఆ మర్నాడూ వెతికినా దొరకలేదు.

నాలుగో రోజున పక్క పొలం ఓరిన్ స్కార్ ట్రాక్టరు వేసుకొని ఆమె వాకిట్లోకి వచ్చాడు. డెబ్భై దాటిన మనిషి, పాడి రైతు. ట్రాక్టరు ముందున్న తొట్టిని మెల్లగా కిందికి దించాడు. అందులో ఆ జింక ఉంది. వాసన ముందే వచ్చింది. పొట్టలో విరిగిన బాణం, దానికి ఆమె అంటించుకునే ఆకుపచ్చ ఈకలు.

"నా పెయ్యలు నీళ్ళు తాగే ఊటలో పడి ఉంది. నీదేననుకుంటా," అన్నాడు.

అంతకు మించి ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

పొట్టకు తగిలిన జింకను కదిలించకూడదు. రాత్రంతా వదిలేస్తే దగ్గర్లోనే పడుకొని ప్రాణం విడుస్తుంది. వెంటబడితే ఆ బాధతోనే మైళ్ళు పోతుంది. ఆ సంగతి మార్లిస్‌కు తెలుసు. పొట్టకు తగిలిందని తెలిసుంటే మంచె దిగేదే కాదు. తెలియకనే దిగింది. విల్లు మేకుకు తగిలించింది. ఆ తర్వాత ఓరిన్ బండి దారిలో ఎదురైతే బస్సు అద్దంలో ఏదో చూసుకుంటున్నట్టు తల తిప్పుకునేది.

ఆగస్టులో ఒక సాయంత్రం ఆమె భర్త డ్వేన్ చెరువు గట్టున చేపలు పడుతున్నాడు. డ్వేన్‌కు వేట అక్కర్లేదు, గాలం ఉంటే చాలు. చీకటి పడుతుంటే గాలపు బెండ్లకు అగ్గిపుల్లంత దీపాలు గుచ్చి నీళ్ళలోకి విసిరాడు. నల్లటి నీళ్ళ మీద నాలుగు ఎర్ర చుక్కలు తేలుతూ ఊగుతున్నాయి. మార్లిస్ వాటినే చూస్తూ కూర్చుంది.

"డ్వేన్, అది ఒకటి విప్పి చూపించు."

"చేప కొరుకుతోందే బాబూ, ఇప్పుడా?"

"ఇప్పుడే."

విప్పి చూపించాడు. సన్నటి గొట్టం, కొసన బొట్టంత దీపం, వెనక సూదంత బ్యాటరీ. బ్యాటరీని లోపలికి నొక్కితే వెలుగుతుంది, కాస్త బయటికి లాగితే ఆరిపోతుంది.

"దీన్ని బాణం తోకకు పెడతా," అంది మార్లిస్.

డ్వేన్‌కు అర్థమైంది. ఏడాదిగా ఆ మేకు వంక ఆమె చూడకుండా తిరగడం అతనూ చూస్తున్నాడు. అయినా నోరు ఊరుకోదు కదా. "దుకాణంలో చేసినవే అమ్ముతారుగా. నా దీపాల మీద పడ్డావేం?"

"కొన్నది వెలక్కపోతే ఎందుకు వెలగలేదో నాకెట్లా తెలుస్తుంది? నా చేత్తో చేసిందైతే తెలుస్తుంది."

బాణం తోకన నారిని పట్టుకునే చిన్న గాడి ముక్క ఉంటుంది. వేటగాళ్ళు దాన్ని నాక్ అంటారు. గాజులా తేటగా ఉండే నాక్‌లు తెప్పించింది. ఉపాయం చెప్పడానికి తేలికే. దీపపు తలను నాక్‌లో అంటించాలి. బాణపు గొట్టం లోపల ఒక అడ్డు పెట్టి, బ్యాటరీ కొస దాని మీద ఆనేట్టు చూడాలి. నారి వదిలినప్పుడు ఆ దెబ్బకు నాక్ వెంట్రుకవాసి ముందుకు జరుగుతుంది, దీపం బ్యాటరీకి తగులుతుంది, వెలుగుతుంది. అంతే. ఆ వెంట్రుకవాసి కుదరడానికి ఆమెకు ఆరు వారాలు పట్టింది.

పొద్దుటి బస్సుకూ మధ్యాహ్నపు బస్సుకూ మధ్య వంటింటి బల్ల దగ్గర కూర్చునేది. మొదటిది నారికి తగిలించగానే వెలిగింది, ఇక జింక ముందు లాంతరు పట్టుకొని కూర్చున్నట్టే. రెండోదానికి జిగురు ఎక్కువై దీపం నాక్‌తో పాటు గొట్టానికీ అంటుకుపోయింది. మూడోది గడ్డిమోపులో దిగాక వెలగలేదు, ఇంట్లోకి తెచ్చి బల్ల మీద పడేస్తే వెలిగింది. గొట్టంలో అడ్డుగా చెవి శుభ్రం చేసుకునే పుల్ల ముక్క కోసి పెట్టింది. అది మెత్తబడి లోపలికి జారిపోతే, సన్నటి కొయ్య ముక్క చెక్కి పెట్టింది. జిగురు మానేసి గోళ్ళరంగు చుక్క వేసింది.

"మన పెళ్ళికి కూడా నువ్వు గోళ్ళరంగు వేసుకోలేదు," అన్నాడు డ్వేన్.

"నీకోసం అంత కష్టపడాల్సిన పని లేకపోయింది," అంది తల ఎత్తకుండా.

వెలగడం కుదిరాక బాణం దారి తప్పింది. తోక బరువెక్కింది కదా, పది గజాలు పోయేసరికి తల ఎగరేస్తోంది. పిండి తూచే చిన్న తక్కెడలో పాత నాక్‌నూ కొత్త నాక్‌నూ తూచి, తేడాకు తగ్గట్టు బాణం మొన వైపు బరువు చేర్చింది. పదకొండు చేస్తే నాలుగు నిలబడ్డాయి. ఆ నాలుగింటినీ ఒక్కొక్కటి ముప్ఫైసార్లు గడ్డిమోపులోకి వేసింది. ప్రతిసారీ వెలిగాయి. అప్పుడు గానీ విల్లుతో మంచె ఎక్కుతానని డ్వేన్‌తో అనలేదు.

నవంబరు రెండో శనివారం. మధ్యాహ్నం నుంచీ మబ్బు పట్టి ఉంది. మార్లిస్ మంచె ఎక్కి, నడుముకు తాడు కట్టుకొని, విల్లు ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. రెండు పిల్లజింకలు వచ్చి పోయాయి. పొద్దు కొండ వెనక్కి పోయాక, నిండుగా ఎదిగిన ఆడ జింక ఒకటి ఒంటరిగా, తొందర లేకుండా వచ్చింది. పద్దెనిమిది అడుగుల దూరంలో ఆగి తల వంచింది.

ఆమె విల్లు ఎత్తింది. మళ్ళీ దించేసింది. వద్దులే అనుకుంది. జింక ఇంకో అడుగు వేసి, ముందుకాలు చాపి, పూర్తిగా పక్కకు తిరిగింది. ఇంతకంటే మంచి అదను ఇంకెప్పుడూ రాదని ఆమెకు తెలుసు. ఊపిరి బిగబట్టి, నారి లాగి, గురి చూసుకొని వదిలింది.

ఎర్ర గీత ఒకటి గాలిలో మెరిసి ఆగింది. ముందుకాలి వెనకాల, అరచేతి వెడల్పు దూరంలో, ఎర్రటి చుక్క. ఒక్క క్షణం, నిప్పురవ్వంత స్పష్టంగా. బాణం అవతలి భుజం దాకా పోయి ఆగినట్టుంది. జింక ఎగిరి దూకింది. ఎర్ర చుక్క దానితోనే కంచె దాటి, ఓరిన్ మొక్కజొన్న మోళ్ళ మీదుగా లేస్తూ పడుతూ పోయి, బురదనేల పొదల దగ్గర మాయమైంది.

చుక్క ఒకచోట ఆగిపోయి ఉంటే ఆమెకు నమ్మకం కలిగేది. మాయమైంది. గోళ్ళరంగు ఊడిందా? బ్యాటరీ జారిందా? లేక దూరంగా, ఇంకా దూరంగా పోతోందా? చూసింది నిజమేనా, చూడాలనుకొని చూసిందా? అలా అనుకుంటూ ఉండగానే టోపీ మీద మొదటి చినుకు పడింది.

ఈసారి పరుగెత్తలేదు. ఇరవై నిమిషాలు గడియారం చూస్తూ చెట్టును పట్టుకొని కూర్చుంది. ఆ తర్వాత దిగి, కంచె దాటకుండా, రోడ్డు చుట్టూ తిరిగి ఓరిన్ కొట్టానికి పోయింది.

లోపల పాలు పితికే మిషను టిక్కుటిక్కుమంటోంది. ఓరిన్ ఒక ఆవు పక్కన ముక్కాలి పీట మీద కూర్చొని ఉన్నాడు. ఆమె గడప బయటే నిలబడింది.

"ఓరిన్, ఒక జింకను కొట్టాను. మీ కంచె దాటి వచ్చింది. వెతుక్కోనిస్తారా అని అడుగుదామని వచ్చాను."

ఆయన తల తిప్పలేదు. "ఎంతసేపైంది?"

"అరగంట."

"ఎక్కడ తగిలింది?"

"ముందుకాలి వెనకాల. అరచేతి వెడల్పు. బాణం తోకకు దీపం పెట్టాను, కనబడింది. కనబడిందనే అనుకుంటున్నా."

"చూశావా, అనుకుంటున్నావా?"

"చూశాను."

"అయితే తొందరేముంది? లోపలికొచ్చి తలుపెయ్యి, చలి. ఇంకా నాలుగు ఆవులున్నాయి."

"వాన పడుతోంది. నెత్తురంతా కడుక్కుపోతుంది."

"పోనీ. జింక కడుక్కుపోదుగా." ఒక గుడ్డ ఆమె వైపు విసిరాడు. "ఊరికే నిలబడకు. ఆ చివరిదాని పొదుగు తుడువు."

ఆమె వంగిందో లేదో ఆవు కాలు విసిరింది. ఆమె వెనక్కి గెంతి గోడకు తగిలింది.

"అది కొత్తవాళ్ళను తంతుంది," అన్నాడు ఓరిన్.

"ముందు చెప్పొచ్చుగా!"

"తన్నాక చెబుదామనుకున్నా."

ఏడాదిలో ఆయన ఆమెతో అన్ని మాటలు మాట్లాడింది అప్పుడే. ఆమెకు నవ్వు వచ్చింది. గుడ్డ తీసుకొని మళ్ళీ వంగింది.

ఆవులయ్యాక ఇద్దరూ పెద్ద టార్చిలైట్లు పట్టుకొని బయల్దేరారు. వాన సన్నగా, వదలకుండా పడుతోంది. మోళ్ళ మీద ఒక్క చుక్క నెత్తురు లేదు. ప్రతి తడి ఆకూ వెలుతుర్లో నెత్తురులా మెరిసింది, వేలు పెట్టి చూస్తే నీళ్ళు. బురదనేల అంచుదాకా వచ్చారు. గట్ల వెంబడి నడుము లోతు రెల్లుగడ్డి, దాని వెనక పొదలు. మార్లిస్ లైటు అటూ ఇటూ తిప్పుతూ పిచ్చిదానిలా తిరగడం మొదలుపెట్టింది.

"లైటు ఆపు," అన్నాడు ఓరిన్.

"ఏంటీ?"

"ఆపమంటున్నా. నీ బాణం దీపం వెలుగుతుంటే ఈ లైట్లు దానికి అడ్డం."

ఆపింది. ఆయనా ఆపాడు. ఏమీ కనబడలేదు. చీకటిలో ఆయన ఊపిరి వినబడుతోంది, గడ్డి మీద చినుకులు వినబడుతున్నాయి. కళ్ళు మెల్లగా చీకటికి అలవాటు పడ్డాయి. గడ్డి ఒక రంగు, ఆకాశం ఒక రంగుగా విడిపోయాయి.

"అదిగో," అంది మార్లిస్.

ఎడమ వైపు, పాతిక అడుగుల దూరంలో, రెల్లు మొదళ్ళలో ఎర్రగా కాస్త వెలుగు. చుక్క కాదు, పొయ్యిలో బూడిద కింద నిప్పు ఉన్నట్టు, గడ్డి లోపలి నుంచి.

ఆమె గడ్డి చీల్చుకుంటూ పోయింది. జింక పక్కకు ఒరిగి పడి ఉంది. బాణం దాని ఒంటికింద కొంత ఒరిగిపోయింది, అందుకే దూరం నుంచి కనబడలేదు. కన్ను ముట్టుకుంటే కదల్లేదు. ఎప్పుడో చల్లబడింది. పడిన చోట చుట్టూ గడ్డి నలగలేదు, కాళ్ళు కొట్టుకున్న గుర్తు లేదు. పరుగులోనే పడి, పడగానే పోయింది.

మార్లిస్ తడి గడ్డిలో కూర్చుండిపోయింది. ఏడుస్తున్నానో నవ్వుతున్నానో ఆమెకే తెలియలేదు. జింక మెడ మీద చెయ్యి వేసి "అమ్మయ్య, అమ్మయ్య" అంటూ ఉండిపోయింది. ఏడాదిగా పట్టుకున్నదేదో ఆమె భుజాల మీద నుంచి దిగిపోతోంది.

ఓరిన్ లైటు వేసి, వంగి, దెబ్బ దగ్గర వేలు పెట్టి చూశాడు. "అరచేతి వెడల్పు," అన్నాడు. "సరిగ్గా చెప్పావు. దీనికి ఏం జరిగిందో కూడా తెలిసుండదు."

ఇంకెటో చూస్తూ అన్నాడు. "పోయినేడు నేను అట్లా తెచ్చి పడేసి ఉండకూడదు. చూస్తే గుర్తుంటుంది కదా అని తెచ్చా. ఆ తర్వాత నువ్వు రోడ్డు మీద మొహం తిప్పుకుంటుంటే, ఆపి ఏం చెప్పాలో తెలీలేదు. నా భార్య ఉంటే చెప్పించేది."

"మీరు తిడితే బాగుండేదనుకున్నాను."

"తిట్టడం నాకు రాదు. ఆవుల్ని తప్ప."

ఇద్దరూ చెరో కాలు పట్టుకొని జింకను పొలం గట్టుకు ఈడ్చుకొచ్చారు. మార్లిస్ బాణం తోక నుంచి నాక్‌ను ఊడదీసి జేబులో వేసుకుంది. బ్యాటరీని వెనక్కి లాగి దీపం ఆర్పడానికి సూది కావాలి, సూది ఇంట్లో ఉంది. అది ఆమె జేబులోంచి ఎర్రగా వెలుగుతూనే ఉంటే, "బండికి వెనక లైటు లేకపోయినా పర్లేదు, నిన్ను వెనక కూర్చోబెడతా," అన్నాడు ఓరిన్. ఆమె ఆయన కొట్టం దూలానికే జింకను వేలాడదీసింది. ఆ రాత్రి చలి సరిపోతుంది, పొద్దున్నే వచ్చి కోసుకోవచ్చు. సగం మాంసం మీదే అంది. వెనక కాలు చాలన్నాడు.

కొట్టంలో నిలబడే, కొట్టిన జింకను నమోదు చేయించే ప్రభుత్వ నంబరుకు ఫోన్ చేసింది. మిషను గొంతు ఒక్కొక్కటీ అడిగింది. మగదా, ఆడదా? "ఆడది!" అని మార్లిస్ అరిచింది. ఆవులన్నీ తలలెత్తి చూశాయి. నమోదు నంబరు రాసుకొమ్మంది. కాగితం లేదు, కలం ఉంది. ఓరిన్ తన తోలు గ్లవుజు చాపాడు, ఆమె దాని మీద తొమ్మిది అంకెలు రాసింది.

ఆయన ఆమెను బండిలో ఇంటి దగ్గర దింపాడు. డ్వేన్ వాకిట్లోనే తిరుగుతున్నాడు. ఆమె మొహం చూసి వంటింటి తలుపు తీశాడు. పొయ్యి మీద బంగాళాదుంపల కూర ఉంది, మధ్యాహ్నమే వండింది, అంచులు మాడాయి.

"వెచ్చబెడతా ఉండు," అన్నాడు.

"వద్దు, ఇట్లాగే పెట్టు," అంది మార్లిస్. తడి కోటు విప్పకుండా, పొయ్యి దగ్గరే నిలబడి, గిన్నెలోంచే గరిటెతో తినేసింది. అడుగు గీకి, ఇంకా ఉందా అని అడిగింది.