గుదిత్ పడగొట్టిన రాళ్లు

శుక్రవారం దీపారాధనకు వత్తులు వేస్తుంటే ఇండియా నుంచి అత్తగారు వీడియో కాల్‌లోకి వచ్చారు. "స్నానమైందా, లెంపలేసుకున్నావా?" అన్నారు. మూడు వారాలుగా ఇదే వరస. ఈ గల్ఫ్ ఊళ్లో ఐకాడ్ అనే ఫ్యాక్టరీల పేటలో మా ఆయన పనిచేసే కంపెనీ సగం మందికి ఖలాస్, ఇక పని లేదు అని చెప్పిన రోజు పొద్దున్నే, ఏసీ గాలికి మా దీపం కొండెక్కింది. ఆ సంగతి నేనే అమాయకంగా ఆవిడతో అన్నాను. "దీపం నిలుపుకోలేనిదానివి సంసారమేం నిలుపుతావే?" అన్నారు. కరోనా వల్ల పోయిన ఉద్యోగమని మా ఆయనకు తెలుసు. అయినా, "అమ్మ తృప్తి కోసం రెండు లెంపలేసుకుంటే నీ సొమ్మేం పోయింది సుభద్రా?" అన్నారు. గురువారం విమానమెక్కి ఆవిడ ఇంటికే వెళ్లాలి. ఇక బతికినన్నాళ్లూ ఆ ఇంట్లో ఈ నింద మొయ్యాలి. పదకొండేళ్లుగా రెండు పూటలా అమ్మవారి ముందు నిలబడుతున్నాను. ఆ తల్లి ఏనాడూ నన్ను కొట్టుకోమనలేదు. మరి అడుగుతున్నదెవరు?

మా అమ్మాయి సంజన ఆన్‌లైన్ క్లాసు కోసం అక్సుమ్ అనే పాత ఇథియోపియా రాజ్యం గురించి రాస్తోంది. పక్క ఫ్లాట్‌లో పనిచేసే హీవోత్‌ది ఆ దేశమే. నిన్న బట్టలు ఆరేస్తూ నేనడిగితే వచ్చీరాని హిందీలో చెప్పి నవ్వింది. "గుదిత్ అనే రాణి సైన్యంతో అక్సుమ్ మీదికి వచ్చి గుళ్లు కాల్చిందంట, నలభై ఏళ్లు ఏలిందంట. మా ఊళ్లో ఏ పాతకాలపు నిలువురాయి కూలినా గుదిత్ పడగొట్టిందనే అంటారు దీదీ. పిడుగుపడి విరిగినా సరే!"

రాత్రి సంజన మాత్రం పుస్తకం ముందు పెట్టుకుని, "రాణి రాకముందే సరుకుల ఓడలు రావడం తగ్గిందట, పొలాల్లో సారం పోయిందట. మరి రాజ్యం పడిపోయినందుకు అందరూ ఆవిణ్ణే అంటారేంటమ్మా?" అంది.

"ఒక్క మనిషి పేరైతే చెప్పుకోవడం తేలికమ్మా" అన్నాను. గుదిత్ నలభై ఏళ్లయినా ఏలింది. నాకు రాజ్యం రాలేదు, నింద ఒక్కటే వచ్చింది.

"కానియ్, దుర్ముహూర్తం వచ్చేస్తోంది" అన్నారు ఇవాళ ఫోన్లో అత్తగారు. అలవాటుగా చేతులు లేచాయి. అంతలో పక్కన టపటపమని చప్పుడు. సంజన కళ్లు గట్టిగా మూసుకుని తన చెంపలు తనే వాయించుకుంటోంది.

"నువ్వెందుకే?"

"ఆ రోజు ఏసీ పెంచింది నేనేనమ్మా. నాన్న ఉద్యోగం నావల్లే పోయింది."

మూడు వారాలు ఈ మాట కడుపులో దాచుకుని అన్నం తింది నా బిడ్డ. రెండు చేతులూ పట్టేసుకున్నాను.

"ఏమిటే ఆ గొడవ? వేసుకున్నావా లేదా?"

"లేదు అత్తయ్యగారూ. ఇకమీదట మేమిద్దరం వేసుకోం."

ఆవిడ తిట్లు లంకించుకున్నారు. గురువారం ఆ గుమ్మమే తొక్కాలి. అయినా ఫోను కట్టెయ్యలేదు. కట్టెయ్యాలంటే సంజన చేతులు వదలాలి.